కొల్లేటికి కొండ ఎక్కడిది?

మీరు గమనించారో లేదో, మన మధ్యతరగతి ఇళ్ళ హాలు గోడల మీద ఈమధ్య ఒక మార్పు వచ్చింది. ఒకప్పుడు అక్కడ తాతగారి ఫోటో, దానికి గంధపు దండ ఉండేవి. ఆ తర్వాత పెళ్ళి ఫోటో, పిల్లవాడు పట్టా పుచ్చుకుంటున్న ఫోటో వచ్చాయి. ఇప్పుడేమో సోఫా వెనక గోడనంతా ఆక్రమించుకుని ఒక పెద్ద ప్రకృతి దృశ్యం! షాపులో దొరికే మంచుకొండల బొమ్మ కాదు సుమా. "ఇది మా అమ్మమ్మగారి ఊరి చెరువండీ. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. ఆర్టిస్టుకి ప్రత్యేకంగా చెప్పి వేయించాం" అంటారు ఇంటివాళ్ళు, కాఫీ కప్పు చేతికిస్తూ.

ఈ ముచ్చటని నేను వెక్కిరించడం లేదు. నిజానికి నాకు సంతోషమే. ఊరికో ఇద్దరు చిత్రకారులకి సైనుబోర్డులూ, ఫ్లెక్సీల డిజైన్లూ కాకుండా చేతికి తగిన పని దొరుకుతోంది. పైగా మనవాళ్ళు డబ్బు పెట్టి బొమ్మ వేయించుకోవడమన్నది రాజులూ జమీందార్ల తర్వాత ఇప్పుడే కదా! ఒక్క విషయం మాత్రం చూశాను. చెరువు గట్టున ఇల్లు ఇంకా ఉన్నవాళ్ళెవరూ ఇలాంటివి వేయించడం లేదు. వేయించేవాళ్ళంతా ఆ ఇంటిని ఎప్పుడో అమ్ముకున్నవాళ్ళే. అంచేత ఆ గోడ మీద ఉన్నది అలంకారం మాత్రమే కాదు, ఆ ఇంటికి మిగిలిన చివరి ఆనవాలు. అందుకే నా బాధంతా. ఆనవాలు అన్నప్పుడు అది ఎవరు చెప్పగా వేసిందో అడగాలి కదా?

మా సంగతే చెబుతాను. మా అమ్మ పుట్టిల్లు కైకలూరు అవతల, కొల్లేటి గట్టున ఒక ఊరు. మా పెద్దమావయ్యగారబ్బాయి, అంటే మా బావ, హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుని అయిదడుగుల కాన్వాసు మీద కొల్లేరు వేయించాడు. గృహప్రవేశానికి అందరం వెళ్ళాం. నీలంగా మెరుస్తున్న నీళ్ళు, నడిమధ్యలో ఎర్రటి సూర్యాస్తమయం, ఆకాశం నిండా బారులు తీరిన పక్షులు, వెనకాల వరసగా ఊదారంగు కొండలు. ముందువైపు ఒక మూలన, చంకలో బిందెతో, మనకి వీపు పెట్టి నడిచిపోతున్న ఒక ఆడమనిషి. అందరూ "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని దగ్గరికెళ్ళి చాలాసేపు చూసింది.

"బాగుంది నాయనా. కానీ కొల్లేటికి కొండ ఎక్కడిదిరా?" అంది.

"వెనక ఖాళీగా ఉంటే బాగోదన్నాడత్తయ్యా ఆర్టిస్టు" అన్నాడు బావ.

ఇంతకీ ఆ ఖాళీయే కదా కొల్లేరంటే! కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలాంటి పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో పడతాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రంలోకి తీసుకుపోతుంది. కనుచూపు మేర కొండన్నదే లేదు. నీరు, కిక్కిస గడ్డి, తాటిచెట్లు, ఆపైన ఆకాశం. ఇక సూర్యుడి సంగతి. మా ఊరి గట్టు మీద నిలబడితే కొల్లేరు ఉత్తరాన ఉంటుంది. పొద్దు కుడిచేతి వైపు పొడిచి ఎడమచేతి వైపు కుంకుతుంది. నీళ్ళ నడిమధ్యలో కుంకాలంటే సూర్యుడు ఉత్తరానికి తిరగాలి. ఆ పక్షులేమో చలికాలపు చుట్టాలు. గూడబాతుల్ని చూడడానికి ఇప్పటికీ జనం ఆటపాక వస్తారు కానీ, మే నెల ఎండల్లో అన్నేసి వలసపక్షుల బారులు ఉండవు. పైగా మన సెలవుల నాటికి నీళ్ళెక్కడివి! వానాకాలంలో ఊళ్ళోకి వస్తానని బెదిరించిన కొల్లేరు వేసవికి బాగా వెనక్కి వెళ్ళిపోయేది. ముందు నెర్రెలిచ్చిన బురద, అందులో గేదెలు, దూరంగా పలచటి నీటిచార. అమ్మ చిన్నతనంలో ఆ ఎండిన పల్లంలో వరి కూడా వేసేవారట. బొమ్మలోది కొల్లేరు కాదు, ఏ హోటలు గదిలోనైనా తగిలించుకోదగ్గ ఒక అందమైన సరస్సు.

ఇవన్నీ చిన్న తప్పులే. రంగుతో సరిదిద్దుకోవచ్చు. నన్ను ఇప్పటికీ వదలనిది ఆ చంకన బిందె పెట్టుకున్న మనిషి.

మనకి వేసవి సెలవులంటే ఏం గుర్తొస్తుంది? మా బావకి దోనె గుర్తొస్తుంది. నీళ్ళలో దూకడం, బురదలో చేతులు పెట్టి మట్టగిడసల్ని పట్టడం, తాటిముంజెలు, మావయ్య వెనకాల సైకిలు మీద కైకలూరు వెళ్ళి సినిమా చూడడం. అవన్నీ నిజమే, కాదనను. మరి అదే ఇంట్లో, అవే రోజుల్లో, మా అమ్మమ్మకి ఏముంది? కాన్పుకి వచ్చిన ఒక కూతురు, సెలవులకి వచ్చిన ఇద్దరు కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, మధ్యలో వచ్చిపోయే అల్లుళ్ళు. పూటకి ఇరవై విస్తళ్ళు. కొరమేను పులుసు మావయ్యలకి ఇష్టమని తెల్లవారుజామునే చేపలు రుద్దడం. ఆవకాయ కాలం కూడా అదే కదా! ఆవాలు ఎండబెట్టడం, మిరపకాయలు దంచడం, కత్తిపీట ముందు కూర్చుని బుట్టల కొద్దీ కాయలు కొట్టడం, కూతురికో జాడీ చొప్పున లెక్క. నులకమంచం మీద పాతచీర పరిచి వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడానికి నన్ను కాపలా కూర్చోబెట్టడం. దోనె ఎక్కి సరదాగా తిరిగిన జ్ఞాపకం మా అమ్మమ్మకి ఒక్కటీ ఉన్నట్టు నేను వినలేదు. ఆవిడ దోనె ఎక్కింది ఏడాదికొక్కసారి, ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి. అదైనా నైవేద్యం గిన్నె ఒళ్ళో పెట్టుకునే.

నీళ్ళ సంగతి మరీ విచిత్రం. చుట్టూ అంత నీరుండి తాగడానికి చుక్క ఉండేది కాదు. ఎండాకాలం కొల్లేరు తగ్గేసరికి ఉప్పుటేటి గుండా సముద్రపు పోటు ఎగదన్ని నీళ్ళు ఉప్పదేలిపోయేవి. మా ఊరికి మంచినీళ్ళ చెరువు ఉంది కాబట్టి సరిపోయింది. కొల్లేటి లోపలి లంకల ఆడవాళ్ళు తాటిదోనెల్లో బిందెలు వరసగా పేర్చుకుని మా రేవుకి వచ్చేవారు. నీరు మరీ తగ్గినప్పుడు దోనెని బురదలో తోసుకుంటూ వచ్చేవారట. ఎండకి ఆ బిందెలు తళతళమని మెరుస్తుంటే గట్టు మీంచి లెక్కపెట్టేదాన్నని అమ్మ చెబుతుంది. వాళ్ళకి అమ్మమ్మ మజ్జిగ పోయించేది. ఒకసారి నిండు నెలలతో ఉన్న ఒక మనిషి బిందెతో గట్టెక్కలేక అక్కడే కూర్చుండిపోతే, అమ్మమ్మ ఆవిణ్ణి మా వసారాలో పడుకోబెట్టి, పాలేరు చేత నీళ్ళు దోనెలోకి మోయించిందట. ఆ మనిషి పేరు, ఆవిడ లంక పేరు, పుట్టిన పిల్ల పేరు కూడా మా అమ్మకి ఇప్పటికీ గుర్తే. బావ హాల్లో ఉన్న ఆడమనిషికి మాత్రం పేరు కాదు గదా, మొహం కూడా లేదు!

ఇలా ఎందుకవుతోందంటే, ఆర్టిస్టు చేతికి మనం ఒక పాత ఫోటో, ఒక వాట్సాప్ సందేశం ఇస్తాం. ఆ ఫోటో తీసినవాడు ఏ మావయ్యో, బాబాయో అయి ఉంటాడు. ఆ క్షణాన ఆడవాళ్ళు వంటింట్లో ఉండి ఉంటారు. ఫోటోలో లేనివాళ్ళు బొమ్మలోకి ఎలా వస్తారు? డబ్బు ఇచ్చేవాడు తనకి నచ్చిన సంగతులు నాలుగు చెబుతాడు, మిగతాది చిత్రకారుడు క్యాలెండర్ల నుంచి నింపుతాడు. చిత్రకారుడిదేం తప్పు లేదు పాపం.

ఇదేమీ మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. జాన్ కానిస్టబుల్ అని ఇంగ్లండులో ఒక గొప్ప ప్రకృతి చిత్రకారుడు. 1816లో ఒక సైన్యాధికారి తన ఎస్టేటు బొమ్మ వేయమని ఆయన్ని పిలిపించుకున్నాడు. వైవెన్‌హో పార్క్ అని ఆ చిత్రం పేరు, ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మధ్యలో సరస్సు, ఆవులు, హంసలు, చెట్ల చాటున మేడ. యజమానికి మేడ కనబడాలి, జింకల కొట్టం కనబడాలి, కూతురు గాడిదబండి మీద షికారు వెళ్ళడమూ కనబడాలి! ఇవన్నీ ఒక గుడ్డలో పట్టక కానిస్టబుల్ కాన్వాసుకి రెండువైపులా అదనపు గుడ్డ కుట్టించుకోవలసి వచ్చింది. కోరిందంతా ఒప్పుకున్నాడెందుకంటే, ఆయనకి ఏళ్ళ తరబడి వాయిదా పడుతున్న పెళ్ళి ఉంది, డబ్బు కావాలి. ఆ అక్టోబరులోనే పెళ్ళయింది కూడా. ఆ సరస్సు మీద పడవలో వల లాగుతున్న మనుషులు కూడా కనిపిస్తారు. యజమాని కూతురి పేరు పుస్తకాల్లోకెక్కింది, వాళ్ళ పేర్లు మాత్రం దొరకవు. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ పెద్దమనిషి కనీసం కూతుర్ని బొమ్మలో పెట్టించుకున్నాడు.

అన్నట్టు, మనకీ నీటిని చూసి నీటిలా వేసినవాళ్ళు లేకపోలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయారు. ఆయన చిత్రాలు ఆ ఊళ్ళోనే ఆయన పేర ఉన్న ప్రభుత్వ గ్యాలరీలో ఉన్నాయి. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. బుచ్చిబాబుగారి భార్యగానే చాలామందికి తెలిసిన శివరాజు సుబ్బలక్ష్మిగారు కథలు రాయడమే కాదు, బొమ్మలూ వేసేవారు. నాకు కుంచె పట్టడం రాదు. వచ్చి ఉంటే ఈ వ్యాసం రాసే పనే లేకపోను.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఎవరి కొల్లేరు వేయాలి? అమ్మది ఒకటి, నాది ఇంకొకటి. నేను వడియాలకి కాపలా కూర్చున్న 1990ల నాటికే కొల్లేటి నిండా చేపల చెరువులు. నాకు గుర్తున్నవి గట్లు, ఆయిలింజన్ల చప్పుడు, ఐసు నింపిన పెట్టెలు ఎక్కించుకుంటున్న లారీలు, గుర్రపుడెక్క, నీళ్ళలోంచి వచ్చే ఒకరకం మందు వాసన. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం ఆ చెరువుల గట్లు కొట్టించింది. ఆ గట్లలో మావయ్యల వాటా కూడా కొంత ఉంది. ఆ ఏడు అమ్మమ్మగారింట్లో ఆవకాయ పెట్టలేదు. 2022లో ఊరు జిల్లాయే మారిపోయి ఏలూరు జిల్లా అయింది. మా పిల్లలకి ఇప్పుడు తామరపూలు, హంసలు ఉన్న బొమ్మ చూపించి "ఇదే మీ అమ్మమ్మ ఊరు" అంటే, రేపు వాళ్ళు అక్కడికి వెళ్ళినప్పుడు ఏమనుకోవాలి? నన్నడిగితే గట్టూ ఉండాలి, లారీ కూడా ఉండాలంటాను. "హాల్లో లారీ బొమ్మేమిటే!" అంటుంది మా అక్క, అంటే బావగారి భార్య. వాళ్ళ హాలు, వాళ్ళిష్టం. నా మాట మాత్రం ఇదే.

మా కాలనీలో ఒకావిడ ఉన్నారు. వరంగల్ వైపు వాళ్ళు. కాకతీయుల కాలపు చెరువు కింద పొలం, కట్ట పక్కన ఇల్లు. అన్నదమ్ములు రెండూ అమ్మేశారు. అమ్మే ముందు అక్కచెల్లెళ్ళిద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు, "మాకేమీ వద్దు" అని. ఆ సంక్రాంతికి ఇద్దరికీ చెరొక పెయింటింగు పంపారు. చెరువు, కట్ట, చింతచెట్టు, ఇల్లు, అంతా చక్కగా వేయించి, టేకు ఫ్రేము కట్టించి. "మా అన్నలు మంచిగనే చూస్తరు. ఎవలు పంపుతరు ఈ కాలంల ఇట్లాంటిది!" అని ఆవిడ నాకు చూపించి మురిసిపోయారు. నేనేమీ అనలేకపోయాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఉందని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అక్కాచెల్లెళ్ళకి ఆ ఇంటి మీద ప్రేమ ఉందని అన్నలకి తెలుసు. అందుకే కదా బొమ్మ వేయించింది! ఇల్లు గోడ మీదికి రావడానికి ముందు కాగితం మీద ఎవరి పేరున ఉందో కూడా ఒక్కసారి అడిగితే బాగుండును. ఆ బొమ్మ నిజంగానే చాలా బాగుంది. అదే నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

మీరెవరైనా ఇలాంటి బొమ్మ వేయించాలనుకుంటే నాదొక విన్నపం. ఫోటో పంపించే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని, ముఖ్యంగా అమ్మనీ అత్తనీ పిన్నినీ, కూర్చోబెట్టి మాట్లాడించండి. "ఏం గుర్తుంది?" అని అడిగితే "ఏముంటుంది, పనే" అనేసి లేచిపోతారు. అలా అడక్కండి. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఎక్కడ కూర్చునేవారు? గాలి ఎటునుంచి వచ్చేది? నీళ్ళు ఏ రంగులో ఉండేవి? రేవులో ఎవరెవరు కలిసేవారు? ఇలా అడిగితే గంటల తరబడి చెబుతారు. వీలుంటే చిత్రకారుణ్ణి కూడా ఇంటికి పిలవండి. ముందు పెన్సిలుతో గీయించుకుని, అది అందరికీ చూపించాకే రంగు వేయించండి. మార్పులు చెబితే దానికి వేరే డబ్బు ఇవ్వండి. కూరగాయల బేరం చేసినట్టు చేయకండి.

మా బావ మంచివాడు. అమ్మ అన్న మాట మనసులో పెట్టుకుని, అదే ఆర్టిస్టుతో అమ్మ కోసం ఇంకో చిన్న బొమ్మ వేయిస్తానన్నాడు. కిందటి నెలలో ఒక ఆదివారం ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. అమ్మ, పిన్ని చెరోవైపు కూర్చున్నారు. కొండలు పోయాయి. సూర్యుడు ఎడమచేతి వైపుకి జరిగాడు. దోనె, అందులో బిందెలు వచ్చాయి. రేవులో బండలు నాలుగని అమ్మ, అయిదని పిన్ని కాసేపు వాదించుకున్నారు. చివరికి అయిదోది విరిగిన బండ అనీ, సాయంత్రం పని తెమిలాక అమ్మమ్మ కూర్చునేది దానిమీదేననీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ అబ్బాయి పెన్సిలు ఆపి అడిగాడు: "అమ్మమ్మగారు ఎటు తిరిగి కూర్చునేవారండీ?"

"నీళ్ళ వైపు" అంది అమ్మ.

"ఇంటి వైపు" అంది పిన్ని, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ తగ్గలేదు. బొమ్మ అక్కడే ఆగింది. వచ్చే ఆదివారం గుడివాడ నుంచి పెద్దమ్మని కూడా రమ్మన్నాం.